కుర్చీలో కూర్చున్నవాళ్లను తూచేదెప్పుడు?

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. పేరు వెల్లింగ్టన్ ఫీనిక్స్. ఊరివాళ్లు ముద్దుగా ‘నిక్స్’ అంటారు. ఇప్పటివరకూ ఆస్ట్రేలియా లీగులో విజేతగా నిలవని జట్టు ఇది. అయినా ఈవేళ దాని గురించే మాట్లాడాలనుకున్నాను. ఎందుకంటే, ఒక క్లబ్బును నడిపే పెద్దమనిషిని అభిమానులు ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు అనుమానించాలి, తమ అభిప్రాయాన్ని ఎప్పుడు మార్చుకోవాలి అనే ప్రశ్నకు ఈ క్లబ్బు చరిత్రలో చాలా విలువైన జవాబు దొరుకుతుంది. ఆ జవాబు మన హైదరాబాద్‌కూ అవసరమే. అక్కడికి చివర్లో వస్తాను.

ముందు ఒక విషయం చెప్పాలి. న్యూజిలాండ్ రగ్బీ దేశం. చలికాలం వచ్చిందంటే పత్రికల్లో, టీవీల్లో, బడి మైదానాల్లో రగ్బీదే రాజ్యం. ఫుట్‌బాల్ ఆడే పిల్లలు చాలామంది ఉన్నా, దేశంలో పూర్తిస్థాయి వృత్తి లీగు లేదు. అందుకని ఆ దేశపు వృత్తి జట్టు సముద్రం దాటి ఆస్ట్రేలియాకు చెందిన ఎ-లీగులో ఆడాలి. వారం విడిచి వారం విమానం ఎక్కాలి. లీగు పగ్గాలు ఆస్ట్రేలియా చేతుల్లో ఉంటాయి. టీవీ హక్కుల డబ్బు ప్రధానంగా అక్కడి నుంచే వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆడే అనుమతి, అంటే లైసెన్సు, లీగు ఇచ్చేది. అది గడువున్న అనుమతి. గడువు తీరాక ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. క్లబ్బు యజమాని ఎంత ధనవంతుడైనా ఆ కాగితం లేకపోతే అతని చేతిలో ఉన్నవి జెర్సీలు, బంతులు మాత్రమే.

ఇలాంటి చోట క్లబ్బు ఛైర్మన్ అంటే గోల్ కొట్టినప్పుడు టీవీలో కనిపించే పెద్దమనిషి మాత్రమే కాదు. నెల తిరిగేసరికి జీతాలు పడ్డాయా, పన్నులు కట్టారా, లైసెన్సు నిలిచిందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాల్సినవాడు. నష్టం వస్తుందని తెలిసీ ఏడాది తర్వాత ఏడాది జేబులోంచి తీయాల్సినవాడు.

ఇక కథలోకి వెళదాం.

ఎ-లీగు 2005లో మొదలైనప్పుడు న్యూజిలాండ్ తరఫున ఆక్లాండ్ నుంచి న్యూజిలాండ్ నైట్స్ అనే జట్టు బరిలోకి దిగింది. ఆట బాగోలేదు, జనం రాలేదు, డబ్బు మిగల్లేదు. రెండు సీజన్లకే ఆ జట్టు ముగిసిపోయింది. న్యూజిలాండ్‌కు లీగులో చోటు ఉంటుందో లేదో తెలియని సమయంలో, 2007 మార్చిలో, వెల్లింగ్టన్‌కు చెందిన స్థిరాస్తి వ్యాపారి టెర్రీ సెరెపిసోస్ ముందుకొచ్చాడు. అవసరమైన 12.5 లక్షల డాలర్లు తాను పెడతానన్నాడు. లైసెన్సు వెల్లింగ్టన్‌కు వచ్చింది.

ఆ ఏడాది ఆగస్టు 26న తొలి మ్యాచ్. ఊరివాళ్లు ‘కేక్ టిన్’ అని పిలుచుకునే గుండ్రటి స్టేడియంలో మెల్బోర్న్ విక్టరీతో 2-2 డ్రా. 14 వేల మందికి పైగా వచ్చారు. అదే ఏడాది డిసెంబర్‌లో డేవిడ్ బెక్హామ్ ఆడే లాస్ ఏంజెలెస్ గెలాక్సీ జట్టును స్నేహపూర్వక మ్యాచ్‌కు రప్పిస్తే 30 వేలకు పైగా జనం. నైట్స్ ఆటలకు ఖాళీ కుర్చీలే చూసిన ఫుట్‌బాల్ ప్రియులకు అదొక పండుగ. ‘యెల్లో ఫీవర్’ అనే అభిమాన సంఘం పసుపు చొక్కాలతో ఒక మూలను తమ సొంతం చేసుకుంది. సొంతగడ్డ మీద జట్టు ముందంజలో ఉంటే 80వ నిమిషంలో చొక్కాలు విప్పి గాల్లో తిప్పడం వాళ్ల ఆనవాయితీ. వెల్లింగ్టన్ గాలి ఎంత చలిగా ఉంటుందో తెలిసినవాళ్లకే ఆ ప్రేమ ఎంతటిదో అర్థమవుతుంది.

2010 మార్చిలో ఫైనల్స్ దశలో న్యూకాసిల్ జెట్స్‌ను అదనపు సమయంలో 3-1తో ఓడించిన రాత్రి ఆ స్టేడియంలో 32,792 మంది ఉన్నారు. దానికి నాలుగు నెలల ముందు, 2009 నవంబర్‌లో, అదే మైదానంలో న్యూజిలాండ్ జాతీయ జట్టు బహ్రెయిన్‌ను 1-0తో ఓడించి ప్రపంచకప్‌కు వెళ్లింది. ఆ జట్టు కోచ్ రికీ హెర్బర్ట్, ఫీనిక్స్ కోచ్ కూడా ఆయనే. ఆ రాత్రి పెనాల్టీ ఆపిన గోల్‌కీపర్ మార్క్ పాస్టన్ ఫీనిక్స్ ఆటగాడే. అప్పట్లో సెరెపిసోస్ పేరెత్తితే ఊరంతా చప్పట్లే. ‘ద అప్రెంటిస్’ టీవీ కార్యక్రమపు న్యూజిలాండ్ రూపంలో ఆయనే పెద్ద. ఆయన మీద అనుమానం వెలిబుచ్చే గొంతులు ఆ హోరులో వినపడేవి కావు.

కానీ 2008 తర్వాత ప్రపంచమంతటా స్థిరాస్తి వ్యాపారాల్ని కుదిపిన సంక్షోభం ఆయన్నీ వదల్లేదు. అప్పులు పేరుకున్నాయి. పన్ను బాకీల వార్తలు, ఆటగాళ్లకు జీతాలు ఆలస్యమయ్యాయన్న వార్తలు పత్రికలకెక్కాయి. 2011 సెప్టెంబర్‌లో సెరెపిసోస్‌ను కోర్టు దివాలాదారుగా ప్రకటించింది. అదే నెలలో, అప్పట్లో లీగును నడిపిన ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ సమాఖ్య ఆయన దగ్గర్నుంచి లైసెన్సు వెనక్కి తీసుకుంది. కొత్త సీజన్ మొదలు కావడానికి ఇక కొద్ది రోజులే ఉన్నాయి.

ఆ ఘడియలో ఊళ్లోని ఏడుగురు వ్యాపారవేత్తలు కలిసి ‘వెల్నిక్స్’ పేరుతో క్లబ్బును చేపట్టారు. పెట్టుబడుల రంగం నుంచి వచ్చిన రాబ్ మోరిసన్ ఛైర్మన్ అయ్యాడు. భాగస్వాముల్లో అందరికీ బాగా తెలిసిన పేరు ఆర్థికవేత్త గారెత్ మోర్గన్.

వీళ్లను అభిమానులు వెంటనే గుండెలకు హత్తుకున్నారా అంటే, లేదు. కారణాలు అర్థం చేసుకోదగ్గవే. ఒకసారి ఒక్క మనిషి మీద అంత నమ్మకం పెట్టి దెబ్బతిన్నవాళ్లు రెండోసారి జాగ్రత్తపడతారు. పైగా సెరెపిసోస్ అభిమానుల మధ్య కలిసిపోయే మనిషి. వీళ్లేమో లెక్కలు, బ్యాలెన్స్ షీట్లు, వ్యాపార ప్రణాళికల భాష మాట్లాడేవాళ్లు. ఫుట్‌బాల్ గురించి వీళ్లకేం తెలుసు అన్నదే గ్యాలరీలో మొదటి ప్రశ్న.

ఆ ప్రశ్న 2012-13 సీజన్‌లో పెద్ద గొడవగా మారింది. జట్టు ఓడిపోతోంది. మోర్గన్ బహిరంగంగా మాట్లాడే మనిషి. 2013 జనవరిలోనే దేశంలోని పక్షుల్ని కాపాడటానికి పెంపుడు పిల్లుల సంఖ్యను తగ్గించాలంటూ ప్రచారం మొదలుపెట్టి దేశమంతా చర్చ రేపినవాడు. అదే ధైర్యంతో ఫీనిక్స్ ఆడే తీరు మీదా మాట్లాడాడు. బంతిని తమ దగ్గరే ఉంచుకుంటూ, అందంగా, దాడికి దిగుతూ ఆడాలని, యజమానులు కోరుకునేది ఆ ఆటేనని చెప్పాడు. చేతిలో ఉన్న ఆటగాళ్లతో ఆ ఆట ఆడించడం ఎంత కష్టమో తెలిసిన అభిమానులు మండిపడ్డారు. డబ్బు పెట్టినవాడు వ్యూహం కూడా చెబుతాడా అన్నారు. 2013 ఫిబ్రవరి చివర్లో హెర్బర్ట్ రాజీనామా చేశాడు. క్లబ్బు పుట్టినప్పటి నుంచీ ఉన్న కోచ్, దేశాన్ని ప్రపంచకప్‌కు తీసుకెళ్లిన మనిషి వెళ్లిపోయాడు. జట్టు పట్టికలో ఆఖరిన నిలిచింది. ఆ రోజు ఎవరైనా యెల్లో ఫీవర్ అభిమానిని ఆపి, ‘మీ యజమానులు ఎలా ఉన్నారు?’ అని అడిగితే మంచి మాట వినిపించేది కాదు.

శ్రోతలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ అభిమానుల కోపం అన్యాయమైనదని నేను అనను. యజమాని డబ్బు పెట్టాడు కాబట్టి నోరు మూసుకోవాలని చెప్పేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఆ మాటను నేను ఒప్పుకోను. టికెట్టు కొనే మనిషి, చలిలో నిలబడి గొంతు చించుకునే మనిషి, పిల్లవాడికి పసుపు చొక్కా తొడిగి తీసుకొచ్చే మనిషి కూడా ఆ క్లబ్బులో పెట్టుబడి పెట్టినవాడే. ప్రశ్నించే హక్కు అతనికి పుష్కలంగా ఉంది. సెరెపిసోస్ కాలంలో ఇంకా ముందే, ఇంకా గట్టిగా ప్రశ్నలు వచ్చి ఉంటే ఎంత బాగుండేదో కూడా ఆలోచించాలి.

మరి ఆ కోపం ఎప్పుడు కరగడం మొదలైంది?

ఆటపరంగా చూస్తే ఎర్నీ మెరిక్ కోచ్‌గా వచ్చాక, 2014-15లో జట్టు నాలుగో స్థానానికి చేరింది. అది కొంత సాయం చేసింది. కానీ అసలు మలుపు ఒక చెడు వార్తతో వచ్చింది. 2015 అక్టోబర్‌లో ఆస్ట్రేలియా సమాఖ్య, పదేళ్ల లైసెన్సు కోసం ఫీనిక్స్ పెట్టుకున్న దరఖాస్తును తిరస్కరించింది. హాజరు, టీవీ ప్రేక్షకులు, ఆదాయం, ఏ లెక్కలోనూ ఈ క్లబ్బు లీగుకు చాలినంత తేవడం లేదన్నది వాళ్ల వాదన. అంటే ఆ సీజన్ తర్వాత క్లబ్బు ఉండదు.

చేతులు దులుపుకుని వెళ్లిపోవడానికి యజమానులకు అంతకంటే మంచి సాకు దొరకదు. నష్టాలొస్తున్న వ్యాపారం, పైవాళ్లే వద్దంటున్నారు. తప్పు తమ మీద పడదు. మోరిసన్ బృందం ఆ దారి పట్టలేదు. సమాఖ్యతో వాదించింది, బేరమాడింది, నిలబడింది. అభిమానులు ‘సేవ్ ద నిక్స్’ అంటూ ఉద్యమం నడిపారు. తొలిసారి గ్యాలరీ, బోర్డు గది ఒకే వైపు నిలబడ్డాయి. 2016 ఫిబ్రవరిలో నాలుగేళ్ల పొడిగింపు వచ్చింది. అడిగింది పదేళ్లు, దక్కింది నాలుగు. కానీ క్లబ్బు బతికింది.

మనిషి మీద అభిప్రాయం ఒక్క రోజులో మారదు. ఆ తర్వాత కూడా చెత్త సీజన్లు వచ్చాయి, కోచ్‌లు మారారు, విమర్శలు వచ్చాయి. అయితే ఆ కాలంలోనే, పెద్దగా చప్పుడు లేకుండా, క్లబ్బు అకాడమీ పండటం మొదలైంది. 2014 నుంచే రిజర్వు జట్టును దేశవాళీ లీగులో ఆడించి కుర్రాళ్లను తయారుచేశారు. ఆ అకాడమీ నుంచి వచ్చిన సర్‌ప్రీత్ సింగ్ ఆక్లాండ్‌లో పుట్టిన పంజాబీ కుటుంబపు బిడ్డ. 2019లో జర్మనీలోని బేయర్న్ మ్యూనిక్ అతన్ని కొనుక్కుంది. ఆ డిసెంబర్‌లోనే అతను బుండెస్‌లీగాలో అడుగుపెట్టాడు. వెల్లింగ్టన్ కుర్రాడు లిబెరాటో కకాచే 2020లో బెల్జియం వెళ్లి, అక్కడి నుంచి ఇటలీ చేరాడు. ఇలా ఆటగాళ్లను తయారుచేసి అమ్మిన డబ్బు చిన్న క్లబ్బుకు ప్రాణవాయువు లాంటిది. అది ఈ సీజన్ పట్టికలో కనిపించదు, అయిదేళ్ల తర్వాత కనిపిస్తుంది.

మన వాళ్లకు దగ్గరైన పేరు ఇంకొకటి ఉంది. ఫిజీ భారతీయుడు రాయ్ కృష్ణ. చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి, అందులో తెలుగు నేల నుంచి కూడా, జనాన్ని తరలించిన దీవుల నుంచి వచ్చిన ఆటగాడు. 2014లో ఫీనిక్స్‌లో చేరి క్లబ్బు చరిత్రలో అత్యధిక గోల్స్ కొట్టినవాడయ్యాడు. 2018-19లో మొత్తం లీగులోనే ఉత్తమ ఆటగాడిగా జానీ వారెన్ పతకం అందుకున్నాడు. ఆ తర్వాతే కోల్‌కతా జట్టుకు వెళ్లి మన లీగులో గోల్స్ వర్షం కురిపించాడు.

ఇంతలో కోవిడ్ వచ్చింది. సరిహద్దులు మూసుకున్నాయి. ఆస్ట్రేలియా లీగులో ఆడాలంటే ఆస్ట్రేలియాలోనే ఉండాలి. జట్టు మొత్తం ఇళ్లూ వాకిళ్లూ వదిలి సిడ్నీకి దక్షిణాన ఉన్న వొలొంగాంగ్‌లో మకాం పెట్టింది. సొంత ఊళ్లో మ్యాచ్‌లు లేవు, కాబట్టి టికెట్ల రాబడి పడిపోయింది. ఖర్చు మాత్రం పెరిగింది. మూసేయడానికి ఇది రెండో మంచి సాకు. ఈసారీ యజమానులు కదల్లేదు. చివరికి 2021 మే 22న జట్టు ఇంటికొచ్చి వెస్టర్న్ యునైటెడ్‌ను 3-0తో ఓడించింది. 24,105 మంది వచ్చారు. ఆ రోజు చప్పట్లు ఆటగాళ్లకు ఎంత దక్కాయో, పరాయిగడ్డ మీద జట్టును నిలబెట్టినవాళ్లకూ అంతే దక్కాలని నేను నమ్ముతాను. అదే ఏడాది, కష్టం పూర్తిగా తీరకముందే, మహిళల జట్టును కూడా లీగులో దించారు. మొదట్లో చాలా మ్యాచ్‌లు ఓడారు. కానీ న్యూజిలాండ్ అమ్మాయిలకు తొలిసారి సొంత వృత్తి ఫుట్‌బాల్ జట్టు దొరికింది. 2023లో మహిళల ప్రపంచకప్‌కు ఆతిథ్యమిచ్చిన దేశానికి అది ఎంత అవసరమో వేరే చెప్పాలా?

2023లో ఇంకో పరీక్ష. కోచ్ ఉఫుక్ తలాయ్ వెళ్లిపోయాడు. బోర్డు సహాయ కోచ్ జియాన్‌కార్లో ఇటాలియానోకు పగ్గాలిచ్చింది. ఈ స్థాయిలో ముఖ్య కోచ్‌గా ఆయనకు అనుభవం లేదు. జట్టు అట్టడుగున ఉంటుందని చాలామంది పండితులు జోస్యం చెప్పారు. ఆ సీజన్‌లో ఫీనిక్స్ 53 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. క్లబ్బు చరిత్రలోనే అత్యుత్తమ స్థానం. 2024 మే 18న మెల్బోర్న్ విక్టరీతో సెమీఫైనల్ రెండో అంచె చూడటానికి 33 వేల మందికి పైగా వచ్చారు. అదనపు సమయంలో ఓడిపోయారు. కన్నీళ్లు ఉన్నాయి, కానీ బోర్డు మీద కోపం లేదు. పదకొండేళ్ల కింద అదే స్టేడియంలో ఉన్న మనోభావంతో పోల్చి చూడండి.

ఇంత చెప్పాక, ఇక అభిమానులంతా యజమానులకు హారతులు పట్టాలని నేను చెబుతున్నానా? కాదు. లీగు కప్పు ఇంకా రాలేదు. ప్రతి మంచి కుర్రాడినీ అమ్మేస్తే గెలిచేదెప్పుడు అన్న ప్రశ్న న్యాయమైనది. 2024లో ఆ ప్రశ్నకు పదును పెరిగింది. ఆక్లాండ్‌లో ఆక్లాండ్ ఎఫ్‌సీ పుట్టింది. దాని ముఖ్య యజమాని అమెరికా వ్యాపారి బిల్ ఫోలీ. ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్ కూడా ఆయనదే. ఫీనిక్స్ యువ గోల్‌కీపర్ అలెక్స్ పాల్సన్‌ను బోర్న్‌మత్ కొనుక్కుని, అరువు మీద ఆక్లాండ్‌కే పంపింది. నిన్నటిదాకా తమ గోల్ కాచినవాడు పొరుగు ప్రత్యర్థి జట్టులో కనిపిస్తే వెల్లింగ్టన్ అభిమానులకు ఎలా ఉంటుంది? ఆక్లాండ్ తొలి సీజన్‌లోనే పట్టికలో అగ్రస్థానంలో నిలిచింది. చాలా క్లబ్బులున్న యజమాని ఒక క్లబ్బును మిగతావాటి అవసరాలకు వాడుకుంటాడేమో అన్న అనుమానానికి ఆ విజయం జవాబు కాదు. ఫోలీని కూడా మంచి ఏడాదిలో తూచకూడదు. ఆక్లాండ్ వరసగా ఓడిపోయే ఏడాది ఒకటి వస్తుంది. అప్పుడు ఆయన ఏం చేస్తాడన్నదే కొలత.

ఇప్పుడు హైదరాబాద్ సంగతి. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మనది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ మనవాడు. ఆయన నేర్పిన ఆటతోనే భారత్ 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962 ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది. ఆ నగరానికి 2019లో, మూతపడిన పుణె జట్టు స్థానంలో, హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. తొలి సీజన్ ఆఖరి స్థానం. అనుమానాలు మొదలయ్యాయి. కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాక ఆట మారింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేతగా నిలిచింది. ఆ రాత్రి యజమానుల మీద అనుమానాలన్నీ తొలగిపోయాయి.

కానీ కప్పు గెలిచిన రెండేళ్లకే జీతాలు అందని ఆటగాళ్లు, ఫిఫా నిషేధాలు. 2023-24లో సీజన్ మొత్తం మీద ఒక్కటే విజయం. యాజమాన్యం చేతులు మారింది. 2025లో ఆ క్లబ్బు ఊరే మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. ఒక ఊళ్లో మూతపడితే వచ్చిన లైసెన్సు, ఇంకో ఊరికి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియంలో జట్టు పేరు పెట్టి అరిచిన కుర్రాళ్లకు ఎవరూ సంజాయిషీ చెప్పలేదు. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది.

రెండు ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. హైదరాబాద్‌కు కప్పు దక్కింది, క్లబ్బు నిలవలేదు. వెల్లింగ్టన్‌కు కప్పు దక్కలేదు, క్లబ్బు నిలిచింది. ఏది గొప్ప అని నన్నడిగితే, సందేహం లేకుండా రెండోదే అంటాను. కప్పు వచ్చే ఏడాదైనా గెలవచ్చు. లేని క్లబ్బు ఏమీ గెలవలేదు.

కాబట్టి అభిమానులు తమ ఛైర్మన్‌ను తూచేటప్పుడు చూడాల్సినవి ఇవి. జీతాలు వేళకు అందుతున్నాయా? ఓటమి ఏడాదిలో ఆయన ఉన్నాడా, మాయమయ్యాడా? పోవడానికి మంచి సాకు దొరికినప్పుడు పోయాడా, ఆగాడా? కుర్రాళ్ల మీద, అమ్మాయిల జట్టు మీద, రేపటి మీద ఖర్చు పెడుతున్నాడా? తప్పు మాట్లాడినప్పుడు జనం చెప్పింది విన్నాడా? ఈ ప్రశ్నలకు జవాబు రావడానికి ఒక సీజన్ చాలదు. నాలుగైదేళ్లు పడుతుంది. అందుకే తొలి అనుమానాన్ని దాచుకోనక్కర్లేదు, దాన్నే పట్టుకుని వేలాడనక్కర్లేదు.

ఇదే కొలతతో సెరెపిసోస్‌నూ మళ్లీ చూడాలి. ఆయన పతనం ఎంతోమందిని నొప్పించింది, అది నిజం. కానీ 2007 మార్చిలో ఆయన ముందుకు రాకపోతే వెల్లింగ్టన్‌కు క్లబ్బే లేదు, సర్‌ప్రీత్ లేడు, మోరిసన్‌కు కాపాడటానికి ఏమీ ఉండేది కాదు. మొదలుపెట్టినవాడికి మొదలుపెట్టినందుకు, నిలబెట్టినవాళ్లకు నిలబెట్టినందుకు, ఎవరి వాటా వాళ్లకు ఇవ్వడమే న్యాయం.

మీ ఊళ్లో ఒక క్రీడా సంఘం ఉంటే, దాని అధ్యక్షుణ్ణి ప్రశ్నించండి. లెక్కలు అడగండి. ఆయన ఏళ్ల తరబడి నిజాయితీగా పనిచేస్తే ఆ మాట కూడా అంతే గట్టిగా, నలుగురిలో చెప్పండి. నిందను అరిచి చెప్పి, మెప్పును మనసులో దాచుకునే చోట మంచివాళ్లు ఎక్కువ కాలం నిలవరు. వెల్లింగ్టన్ అభిమానులు ఆ రెండూ చేశారు. వాళ్ల క్లబ్బు ఈరోజు ఉండటానికి అదీ ఒక కారణమే.